అసోసియేషన్ మీటింగులో ఆరు టోపీల పద్ధతి నడుస్తుందా? మా బోరు గొడవకు సలహా కావాలి

మియాపూర్_సెక్రటరీ

అందరికీ నమస్కారం. మాది మియాపూర్ వైపు 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఈ ఏడాది సెక్రటరీ పదవి నా నెత్తిన పడింది. ఫిబ్రవరి దాటితే మా రెండు బోర్లలో ఒకటి గాలి తోడుతుంది, రెండోది గంట నడిచి ఆగిపోతుంది. మునిసిపల్ నీళ్ళు చాలవు. మిగతాదంతా ట్యాంకర్లే.

ఇప్పుడు మూడు ప్రతిపాదనలు ఉన్నాయి. ఇంకో బోరు వేయాలని కొందరు, ఇంకుడు గుంత తవ్వించాలని కొందరు, ఫ్లాటు ఫ్లాటుకీ నీటి మీటరు పెట్టాలని ఇంకొందరు. జనరల్ బాడీ పెట్టిన ప్రతిసారీ ఒకటే కథ. ప్రెసిడెంట్ గారు రిటైర్డ్ ఇంజనీరు, పెద్దాయన, ఆయనంటే అందరికీ గౌరవం. ఆయన మొదట లేచి "బోరే వేద్దాం" అంటారు. ఇద్దరు తలూపుతారు. ఒకాయన ఎదురు తిరుగుతారు. అక్కణ్ణించి పాత మెయింటెనెన్స్ బాకీలు, పార్కింగ్, ఎవరి కుక్క ఎక్కడ పాడు చేసింది... మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఇళ్ళకెళ్ళాక వాట్సాప్ గ్రూపులో అసలు యుద్ధం.

మా ఆఫీసులో ఎడ్వర్డ్ డి బోనో ఆరు టోపీల పద్ధతి మీద ఒక పూట ట్రైనింగ్ ఇచ్చారు. ఒక్కో రంగు టోపీ ఒక్కో రకం ఆలోచనకు గుర్తు అన్నమాట. మా కమిటీలో సరిగ్గా ఆరుగురం ఉన్నాం. తలా ఒక టోపీ పంచుకుని మీటింగు నడిపితే ఎలా ఉంటుంది? ఎవరైనా ఆఫీసు బయట దీన్ని వాడి చూశారా?

విశాఖ_తీరం

సెక్రటరీ గారూ, తలా ఒక టోపీ మాత్రం పంచకండి. పదేళ్ళుగా ఫ్యాక్టరీల్లో ట్రైనింగులు ఇస్తున్నాను, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నల్ల టోపీ, అంటే ఇబ్బందులు వెతికే టోపీ, ఒకరికే ఇచ్చారనుకోండి, ఆయన ప్రతిదానికీ అడ్డం పడే మనిషని పేరు తెచ్చుకుంటాడు. మిగతా ఐదుగురూ ఇబ్బందుల గురించి ఆలోచించడం మానేస్తారు. మీ మీటింగులో ఇప్పుడు జరుగుతున్నది కూడా ఇదేగా, టోపీలు లేకుండా.

డి బోనో చెప్పింది దీనికి తలకిందులు. ఒక సమయంలో అందరూ ఒకే రంగు పెట్టుకోవాలి. తెలుపు అన్నప్పుడు గదిలో ఉన్న అందరూ తెలిసిన వివరాలు, తెలియాల్సిన వివరాలే మాట్లాడతారు. పసుపు అన్నప్పుడు బోరు వద్దన్న మనిషి కూడా బోరువల్ల లాభమేమిటో వెతకాలి. నలుపు అన్నప్పుడు బోరు కావాలన్న మనిషే అందులో రిస్కు చెప్పాలి. ఆకుపచ్చ కొత్త దారులకు, ఎరుపు మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి. నీలం మాత్రం మీటింగు నడిపేవారిది: ఏ రంగు ఎప్పుడు, ఎంతసేపు అని చెప్పేది వారే. ఎదురెదురుగా నిలబడి వాదించుకోకుండా అందరూ ఒకే వైపు నుంచి చూడటం అన్నమాట. దీన్ని ఆయన సమాంతర ఆలోచన అన్నాడు.

ఎరుపు గురించి ఒక జాగ్రత్త. అప్పుడు ఎవరినీ "ఎందుకు?" అని అడగకూడదు. "నాకు మీటర్లంటే ఇష్టం లేదు" అంటే అంతే, రాసుకుని ముందుకు పోవాలి. మనిషికి అర నిమిషం చాలు. కారణం అడిగారా, మళ్ళీ వాదన మొదలు.

పచ్చిమిర్చి

నీళ్ళు లేక చస్తుంటే రంగురంగుల టోపీలా? బాగుంది.

డి బోనో అంటే గుర్తొచ్చింది. అరబ్బులు, ఇజ్రాయెలీల గొడవకు కారణం వాళ్ళు తినే పులియని రొట్టెల్లో జింకు తక్కువ కావడమేనని, మార్మైట్ అనే ఈస్ట్ పేస్టు తినిపిస్తే కోపాలు తగ్గుతాయని బ్రిటన్ విదేశాంగ శాఖ వాళ్ళకు సలహా ఇచ్చిన మహానుభావుడు ఆయనే. ఆయన పద్ధతులకు పరిశోధనల ఆధారం తక్కువ అన్న విమర్శ కూడా చాలా పాతది. మీ ప్రెసిడెంట్ గారికి కూడా ఒక సీసా తెప్పించండి.

సీరియస్‌గా చెప్పాలంటే, మీకు కావాల్సింది మంచి బోరు మేస్త్రి, నాలుగు కొటేషన్లు. పద్ధతి కాదు.

లెక్కల_పంతులు

మార్మైట్ సంగతి నేనూ చదివాను, నవ్వుకున్నాను. అయినా ఆ ఒక్కదాన్ని పట్టుకుని మనిషిని కొట్టిపారేయలేం. మాల్టాలో పుట్టి, వైద్యం చదివి, 1967లో ల్యాటరల్ థింకింగ్ (అలవాటైన దారి వదిలి పక్కదారిన ఆలోచించడం) అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. ఆరు టోపీలు 1985 నాటివి. 2021లో పోయేదాకా అదే పని. ఆధారాలు తక్కువన్న మాట మాత్రం ఒప్పుకుంటాను.

గుంపుగా కూర్చుని ఆలోచించడం మీద వేరేవాళ్ళు చేసిన ప్రయోగాలు ఉన్నాయి. అవి ఈ మీటింగుకు ఎక్కువ పనికొస్తాయి, కాబట్టి కొంచెం చెబుతాను.

బ్రెయిన్‌స్టార్మింగ్‌ను ప్రచారంలోకి తెచ్చింది అమెరికా అడ్వర్టైజింగ్ మనిషి అలెక్స్ ఆస్‌బర్న్. విమర్శించకండి, ఎన్ని వస్తే అన్ని చెప్పండి, పిచ్చిగా ఉన్నా చెప్పండి, పక్కవాడు చెప్పినదాని మీద కట్టండి అన్నాడు. నలుగురిలో కూర్చుంటే మామూలు మనిషికి రెట్టింపు ఆలోచనలు వస్తాయని కూడా అన్నాడు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. నలుగురేసి గుంపుగా కూర్చుని చెప్పినవి ఒకవైపు, నలుగురు విడివిడిగా రాసినవి కలిపి ఇంకోవైపు లెక్కపెడితే, విడిగా రాసినవాళ్ళే గెలిచారు. ఆలోచనల సంఖ్యలోనూ, నాణ్యతలోనూ.

ఎందుకలా జరుగుతుందని 1987లో డీల్, ష్ట్రోబె అనే ఇద్దరు పరిశోధకులు తవ్వి చూశారు. సిగ్గు కొంత, సోమరితనం కొంత. పెద్ద కారణం మాత్రం చాలా మామూలుది: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. ఆగినంతసేపట్లో తమ మాట మర్చిపోతారు, లేదా ఇక అక్కర్లేదులే అనుకుంటారు. 30 మంది ఉన్న చోట ఒకరే పావుగంట మాట్లాడితే ఎన్ని మాటలు గొంతులోనే ఆగిపోతాయో మీరే ఊహించండి.

అందుకని సెక్రటరీ బాబూ, రంగులు ఏవైనా పెట్టుకో, ముందు పది నిమిషాలు అందరి చేతా కాగితం మీద రాయించు. నోరు విప్పేది ఆ తర్వాతే.

మియాపూర్_సెక్రటరీ

మాస్టారూ, ఇది నిజంగా కొత్త విషయం నాకు. మీటింగంటే మాట్లాడటమే అనుకుంటున్నాం ఇన్నాళ్ళూ. కానీ చీటీలు రాయమంటే చిన్నపిల్లల ఆట అని పెద్దవాళ్ళు నవ్వరా? ప్రెసిడెంట్ గారిని మాట్లాడవద్దని చెప్పేదెవరు? నేను ఆయన కంటే ముప్ఫై ఏళ్ళు చిన్నవాణ్ణి.

సంఘం_అక్క

నేను అనంతపురం జిల్లాలో డ్వాక్రా సంఘాలతో పనిచేస్తాను. టోపీలు నాకు తెలియవు గానీ ఈ మీటింగు రోగం బాగా తెలుసు. పది, పన్నెండు మంది చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. చూడ్డానికి అందరూ సమానమే. లీడరు "ఈసారి బ్యాంకు లోనుతో గేదెలు కొందామా?" అంటుంది. అందరూ "సరే అక్కా". తీర్మానం పుస్తకంలో రాసేస్తారు, సంతకాలు అయిపోతాయి. నెల తిరిగాక ఒకామె నాతో విడిగా అంటుంది, "మా ఇంట్లో మేత లేదు మేడం, నాకు గేదె వద్దు."

అందుకని కొన్ని మార్చాం. లీడరు చివర్న మాట్లాడాలి. మాట్లాడొద్దు అని ఎవరూ అనరు, ఆమెకు వేరే పెద్ద పని అప్పజెబుతాం: అందరి మాటలూ విని తిరిగి వినిపించే పని. మీ ప్రెసిడెంట్ గారికి కూడా అలాగే ఇవ్వండి తమ్ముడూ. చీటీలు ఆయన చేతికే వెళ్ళాలి, ఆయనే పైకి చదవాలి. పెద్దరికానికి లోటు లేదు, ఆయన నోటితోనే ఇతరుల మాట బయటికొస్తుంది. ముందురోజు ఇంటికి వెళ్ళి కాఫీ తాగుతూ అడగండి. అందరి ముందూ అడిగితే మాత్రం చెడిపోతుంది.

చదువు రానివాళ్ళుంటే చీటీ కుదరదు. జంటలు జంటలుగా మాట్లాడుకోమని, పక్కామె మాట ఈమె చెప్పాలి. "ఆమె ఇలా అంటోంది" అని చెప్పడం అందరికీ సులువు.

ఇంకొకటి. మీ అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్ళు మీటింగుకు వస్తారా? వాచ్‌మన్ కుటుంబం? మోటారు వేసేదెవరు, ట్యాంకరొస్తే పైపు పట్టుకునేదెవరు? వాళ్ళను అడగకుండా మీ తెల్ల టోపీ నిండదు.

భూగర్భం

నీళ్ళ లెక్క నేను వేస్తాను, తెల్ల టోపీ నాది అనుకోండి (అందరిదీ అన్నారు కదా, సరే).

30 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం. మొత్తం 16,200 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే రోజుకు మూడు దాటుతాయి.

వాన నీళ్ళు: హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు. మీ డాబా 6,000 చదరపు అడుగులు అనుకుందాం, అంటే 557 చదరపు మీటర్లు. పడినదాంట్లో 80 శాతం పట్టగలిగితే దాదాపు మూడున్నర లక్షల లీటర్లు, 70 ట్యాంకర్ల నీళ్ళు. వినడానికి చాలా ఉంది. మీ వాడకానికి మాత్రం మూడు వారాల నీళ్ళే అవి. పైగా గుంతలో ఇంకిన నీరు మీ బోరులోకే వస్తుందని గ్యారంటీ లేదు, పక్కవాళ్ళ బోరులోకి పోవచ్చు. అయినా తవ్వించమనే అంటాను, కానీ గుంత ఒక్కటే మీ కరువు తీర్చదు.

బోరు: మన కింద ఉన్నది గ్రానైట్. ఇసుక నేలలా ఎక్కడ గుచ్చితే అక్కడ నీళ్ళు రావు. రాతిలో పగుళ్ళు తగిలితేనే నీళ్ళు. పది అడుగుల పక్కన వేసినా ఫలితం మారిపోవచ్చు. లోతుకు పోయేకొద్దీ ఖర్చు ఖాయం, నీళ్ళు ఖాయం కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కూడా కావాలి.

మీటర్లు: పాత భవనాల్లో వంటగదికో పైపు, ప్రతి బాత్రూముకో పైపు పై ట్యాంకు నుంచి విడివిడిగా దిగుతాయి. అలా ఉంటే ఫ్లాటుకు ఒక మీటరు చాలదు, మూడో నాలుగో కావాలి. ముందు మీ ప్లంబరు చేత పైపులు లెక్కపెట్టించండి.

పచ్చిమిర్చి

చూశారా. ఒక్క పోస్టుతో సగం గొడవ తీరింది. టోపీలు లేకుండానే.

విశాఖ_తీరం

తీరలేదు సార్. ఇదే లెక్క మీటింగులో బోరు పక్షం మనిషి చెబితే గుంత పక్షం నమ్మదు, గుంత పక్షం చెబితే బోరు పక్షం నమ్మదు. గెలవడానికి తెచ్చిన లెక్కకూ, అందరం కలిసి పోగేసుకున్న లెక్కకూ తేడా ఉంది. ఆ పది నిమిషాలు ఎవరూ ఏ పక్షమూ కాదని ఒప్పించడమే తెల్ల టోపీ చేసే పని.

డాలస్_బాబాయ్

మా టీములో ఈ పద్ధతి అప్పుడప్పుడూ వాడతాం. ఇక్కడ సమస్య వేరు. ఏ ఆలోచన చెప్పినా "వావ్, గ్రేట్" అంటారు. నల్ల టోపీ పెట్టించడానికి తల ప్రాణం తోకకొస్తుంది. మన అసోసియేషన్లలో నలుపు ఎవరూ చెప్పకుండానే పెట్టుకొస్తారు, పసుపు దగ్గరే అందరూ మూగబోతారు. అవతలివాడి ప్రతిపాదనలో ఒక్క మంచి మాట చెప్పాలంటే ఆస్తి రాసిచ్చినంత బాధ.

నలుపుకు ఒక చిట్కా. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు ప్రీమార్టమ్ అంటాడు. "ఇందులో ఏం తప్పు జరగొచ్చు?" అని అడక్కండి. "వచ్చే మే నెల. మనం బోరు వేశాం, డబ్బు పోయింది, చుక్క నీరు లేదు. ఏం జరిగింది?" అని అడగండి. అది జరిగిపోయినట్టే ఊహించుకోమంటే మనుషులు చాలా వివరంగా చెబుతారు. ఎవరి ప్రతిపాదననూ తప్పుపట్టినట్టు కూడా ఉండదు.

మీటింగులో "టోపీ" అన్న మాట మాత్రం ఎత్తకండి. బోరు కాంట్రాక్టరు మీద ఇప్పటికే అనుమానాలు ఉండి ఉంటాయి.

లెక్కల_పంతులు

ఆరూ వద్దు బాబూ, గంటన్నరలో పట్టవు. వివరాలు, తర్వాత మూడింటిలోనూ మంచి, మూడింటిలోనూ ఇబ్బంది, కొత్త దారులు, చివర్న మనసులో మాట. బోర్డు మీద తెలుగులో అలాగే రాయి. రంగు నీ మనసులో పెట్టుకో.

విశాఖ గారు ఒప్పుకోకపోవచ్చు గానీ, మంచి చెప్పడం ఇబ్బందికంటే ముందే రావాలని నా పట్టు. ఇబ్బందులు మొదట వస్తే తర్వాత మంచి చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

విశాఖ_తీరం

ఒప్పుకుంటాను మాస్టారూ, వరసకు ఖచ్చితమైన రూలు లేదు. ఎరుపు విషయంలోనే తేడా. కోపాలు బాగా పేరుకున్న చోట నేను ఎరుపుతోనే మొదలుపెడతాను. లోపల ఉడుకుతున్నవాడు వివరాలు వినడు.

మియాపూర్_సెక్రటరీ

మీటింగు అయింది. ఎలా జరిగిందో రాస్తున్నాను, కొంచెం పెద్దది.

ముందుగా ట్రెజరర్ గారూ నేనూ వాచ్‌మన్ దగ్గర కూర్చున్నాం. మోటారు ఎప్పుడు వేస్తాడో ఒక పాత నోటుబుక్కులో రాసుకుంటున్నాడట, ఎవరూ అడగలేదు కాబట్టి చూపించలేదు. పై ట్యాంకు ఫ్లోట్ వాల్వు పాడైంది, రాత్రి మోటారు వేసి నిద్రపోతే నీళ్ళు పొంగి డాబా మీది నుంచి డ్రైనేజీలోకి పోతున్నాయి. కొన్ని ట్యాంకర్లు నిండుగా రావడం లేదన్న అనుమానం కూడా చెప్పాడు. ఇవీ, భూగర్భం గారి లెక్కలూ (మా డాబా కొలతతో మళ్ళీ వేసుకున్నాం), ట్యాంకరు బిల్లులూ ఒకే కాగితం మీద రాసి ముందు రాత్రి అందరికీ పంపాం.

ప్రెసిడెంట్ గారింటికి వెళ్ళాను. సంఘం అక్క చెప్పినట్టే అడిగాను. ఒక నిమిషం ఏమీ అనలేదు. "అంటే నేను చివర్న మాట్లాడాలి, అంతేగా?" అన్నారు. అర్థమైపోయింది ఆయనకు. సరేనన్నారు.

అద్దెవాళ్ళను కూడా పిలిచాం. ఓటు లేదు, మాట ఉంది అని చెప్పాం. దీనికి ఇద్దరు ఓనర్లు అలిగి రాలేదు.

చీటీలు రాయమంటే నవ్వారు. మొదటి రెండు నిమిషాలు నవ్వులే. తర్వాత నిశ్శబ్దంగా రాశారు. మా మీటింగులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ చూడలేదు. ప్రెసిడెంట్ గారు ఒక్కొక్కటే చదివారు. గుంత కావాలన్న చీటీలు చదివేటప్పుడు ఆయన గొంతు కొంచెం బిగిసింది, అయినా అన్నీ చదివారు.

మంచి చెప్పే రౌండు నిజంగానే కష్టమైంది. బోరు అంటే మండిపడే మా రెండో అంతస్తు ఆయన్ను అడిగితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "పడితే మాత్రం మన నీళ్ళు మనవి, ట్యాంకరువాడి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు" అన్నారు. ఆ మాట తర్వాత గది వాతావరణం మారింది. ప్రెసిడెంట్ గారు ఆయన వైపు తిరిగి కూర్చున్నారు.

ఇబ్బందులకు బాబాయ్ గారి మే నెల కథ వాడాం. పైపులు లెక్కపెట్టించాం కాబట్టి మీటర్ల సంగతి తొందరగా తేలింది, ఫ్లాటుకు నాలుగు పడతాయి. బోరు గురించి ప్రెసిడెంట్ గారే అన్నారు: "మొదటి బోరు నేను దగ్గరుండి వేయించిందే. అప్పుడు ఇంత లోతులో పడ్డాయి, ఇప్పుడు దానికి రెట్టింపు పోయినా నమ్మకం లేదు." చివర్న మాట్లాడతానన్నవారు ఇబ్బందుల రౌండులో తన ప్రతిపాదన మీద తనే మాట్లాడారు.

కొత్త దారుల్లో పనికొచ్చిన మాట అద్దెకుండే ఒకావిడది. ఫ్లాటు ఫ్లాటుకీ మీటరు కుదరకపోతే సంపు నుంచి పైకి వెళ్ళే పైపుకు ఒక్క మీటరు పెట్టి, రోజూ రీడింగు లిఫ్టు పక్కన రాయమంది. ఎంత వాడుతున్నామో ముందు తెలుస్తుంది కదా అని.

తేలినవి: ఫ్లోట్ వాల్వు మార్చడం, ఆ ఒక్క మీటరు, ట్యాంకరు దిగేటప్పుడు కొలత. ఎండిపోయిన బోరు పక్కనే గుంత తవ్వి వాన నీటిని కంకర, ఇసుక పొరల్లో వడకట్టి ఇంకించాలని కూడా తీర్మానించాం. కొత్త బోరు సర్వే చేయించే దాకా ఆగుతుంది.

తేలనివి: గుంత తవ్వాల్సిన చోటు ఒకాయన పార్కింగు పక్కన ఉంది, ఆయన ససేమిరా అంటున్నారు. ఇక వాట్సాప్ యుద్ధం ఆ రాత్రే మొదలైంది, మీటింగుకు రాని ఇద్దరూ, విదేశాల్లో ఉన్న ఓనర్లూ కలిసి.

పచ్చిమిర్చి

అభినందనలు, మనస్ఫూర్తిగానే. కానీ నా మాట అదే. మీకు పని చేసింది వాచ్‌మన్ నోటుబుక్కు. రంగులు కాదు, రౌండ్లు కాదు.

సంఘం_అక్క

నోటుబుక్కు అక్కడే ఉంది కదా తమ్ముడూ ఇన్నాళ్ళూ. అడగాలని ఎవరికీ ఎందుకు తోచలేదు?

పచ్చిమిర్చి

అది సరేలే అక్కా. కానీ వాచ్‌మన్ మీటింగులో కూర్చున్నాడా? లేదుగా. విడిగా అడిగారు. ఎన్ని రౌండ్లు పెట్టినా ఓనర్ల ముందు ఆయన నోరు తెరవడు. పద్ధతికి ఒక హద్దుంది అంటున్నా.

సంఘం_అక్క

ఆ హద్దు నిజమే. మా దగ్గర కూడా కొన్ని మాటలు మీటింగులో రావు, బావి దగ్గరో, నడుస్తూ దారిలోనో వస్తాయి. వాటిని ముందే విని కాగితం మీదికి తేవడం నడిపేవాళ్ళ బాధ్యత. సెక్రటరీ తమ్ముడు చేసింది అదే.

డాలస్_బాబాయ్

విదేశీ ఓనర్ల తరఫున నేను మాట్లాడతాను, నాకూ హైదరాబాద్‌లో ఒక ఫ్లాటుంది, మీ అపార్ట్‌మెంట్‌ది కాదు లెండి. మాకు అందేది తీర్మానం ఒక్కటే. ఎన్ని మాటలయ్యాక అది వచ్చిందో తెలియదు, ఖర్చు మాత్రం కనిపిస్తుంది. అందుకే గ్రూపులో గొంతు లేస్తుంది. ఈసారి చీటీ రౌండును గూగుల్ ఫారంగా రెండు రోజుల ముందే పంపండి. పేరు లేకుండా నింపే వీలు పెట్టండి. మా చీటీలూ ప్రెసిడెంట్ గారే మిగతావాటితో కలిపి చదవాలి.

లెక్కల_పంతులు

పార్కింగు ఆయన సంగతి: ఆయన్ను మీటింగులో నిలబెట్టి అడగవద్దు. గుంతకు మూత ఎలా ఉంటుంది, దాని మీదుగా కారు పోవచ్చా, తవ్వే రోజుల్లో ఆయన బండి ఎక్కడ పెట్టాలి అన్న మూడింటికీ జవాబులు పట్టుకుని ఆయనింటికి వెళ్ళు. ప్రెసిడెంట్ గారిని కూడా తీసుకెళ్ళు.

మియాపూర్_సెక్రటరీ

ఆదివారం వెళ్తున్నాం మాస్టారూ. ప్రెసిడెంట్ గారే వస్తానన్నారు. భూగర్భం గారూ, కారు బరువు మోసే మూత అంటే ఆర్‌సీసీ స్లాబు చాలా, ఇనుప జాలీ కావాలా?

భూగర్భం

ఆర్‌సీసీ స్లాబు వేయించండి, మందం ఇంజనీరు చేత చెప్పించండి. మధ్యలో మనిషి దిగేంత మూత తప్పకుండా ఉండాలి. ఏటా వానలకు ముందు పైపొర ఇసుక తీసి కడగాలి, లేకపోతే రెండేళ్ళలో మట్టి పట్టి గుంత మూసుకుపోతుంది. ఆ పని ఎవరిదో తీర్మానంలో ఇప్పుడే రాయించండి.